నేను గీసిన ఎర్ర గీతలు

ఈ చుట్టుపక్కల ఏఆర్‌టీ కార్డు నింపడం నేర్చుకున్న నర్సమ్మల్లో చాలామంది నా బల్ల పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. బరువు ఎక్కడ రాయాలో, గోలీలు మానేసి ముఖం చాటేసినవాళ్ళను తిట్టకుండా మళ్ళీ ఎలా దారికి తేవాలో, ఏ కాగితం ఏ ఫైల్లో పెట్టాలో అన్నీ చక్కగానే నేర్పాను. ఒక్కటి మాత్రం తప్పు నేర్పాను. మీలో కొందరు ఆ తప్పు ఇంకా చేస్తూనే ఉన్నారని ఈమధ్య విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. రిటైరైన పెద్దామె తీపి జ్ఞాపకాలు చెబుతుందని కూర్చున్నవాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు. నాకు కోపంగా ఉంది. అందులో పెద్ద వాటా నాదే. మిగిలింది పంచుకోవడానికి మనుషులకు కొదవ లేదు.

మెదక్‌లో నేను పనిచేసిన దవాఖాన ఏదో చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. ఏఆర్‌టీ కేంద్రం అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట: హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు నెలనెలా గోలీలు ఇచ్చే గది అది. మా దగ్గర ఆ గది వరండా చివర, విరిగిన మంచాలు పడేసే చోటు పక్కన ఉండేది. మిగతా స్టాఫ్ దాన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు. ‘ఆ చివరి గది’ అనేవారు. ‘చివరి గది సిస్టర్’ అంటే నేను. పదిహేడేళ్ళు ఆ పేరుతోనే బతికాను, బాగానే బతికాను.

ప్రతి మనిషికీ ఒక కార్డు ఉంటుంది. ఆడవాళ్ళ కార్డులో ఏడాదికొకసారి నింపాల్సిన గడి ఒకటి తర్వాత్తర్వాత వచ్చి చేరింది. గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేశారా, చేస్తే ఏం కనబడింది అని. పెళ్ళయినవాళ్ళను ఆడవాళ్ళ ఓపీకి పంపి, వాళ్ళు రాసిచ్చింది ఆ గడిలో ఎక్కించేదాన్ని. పెళ్ళికాని పిల్లల కార్డు వచ్చినప్పుడు ఎర్ర పెన్ను తీసి, ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీసేదాన్ని. పెళ్ళి కాలేదు కాబట్టి అవసరం లేదు అని దానర్థం. ఆ గీత గీయమని నాకెవరూ చెప్పలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. అది నా సొంత తెలివి. నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్ళందరికీ అదే నేర్పాను, వాళ్ళూ ఎర్ర పెన్నులు కొనుక్కుని వెళ్ళారు.

ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను. సాకు కోసం కాదు, మంచి మనసుతో కూడా ఎంత చెడు చేయవచ్చో మీకు తెలియాలని. ఆ గడి రాకముందు, కొత్తలో, రేగోడ్ వైపు నుంచి వచ్చే ఒక పిల్లను పొత్తికడుపు నొప్పి అంటే ఆడవాళ్ళ పరీక్ష గదికి పంపాను. ఆ గది ముందు వాళ్ళ ఊరి మనిషి ఎవరో కాన్పు కోసం వచ్చి కూర్చుని ఉంది. వారం తిరగకుండా ఊరంతా పాకింది. పెళ్ళికాని పిల్లకు ఆ గదిలో ఏం పని అని. కుదిరిన సంబంధం తప్పిపోయింది. పిల్ల తల్లి మా గది ముందుకొచ్చి, గోలీల లైన్లో ఉన్న అందరి ముందు నన్ను నిలబెట్టి శాపనార్థాలు పెట్టింది. తలుపు వెనక్కి పోయి ఏడ్చాను. ఆ రోజే అనుకున్నాను, నా చేతి మీదుగా ఇంకో ఆడపిల్ల పరువు పోకూడదని. పరువు పోలేదు. ఏం పోయిందో ఇప్పుడు చెబుతాను.

పాపన్నపేట దగ్గరి ఊరి నుంచి ఒక పిల్ల మా గదికి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు పదేళ్ళుంటాయేమో, మేనత్త కొంగు పట్టుకుని వచ్చింది. అమ్మానాన్న ఇద్దరూ ఈ జబ్బుతోనే పోయారు. కడుపులో ఉండగానో పాలతోనో తల్లి నుంచి పిల్లకు వచ్చింది. మేనత్త నాట్లకు, కలుపుకు పోయే మనిషి. పిల్లను సాకిందంటే సాకింది, ప్రేమగా సాకిందని మాత్రం చెప్పలేను. ఆ పిల్ల పదహారేళ్ళపాటు నెలనెలా షేర్ ఆటోలో వచ్చి గోలీలు తీసుకుపోయింది. ఒక్క నెల తప్పలేదు. చదివింది, కంప్యూటర్ నేర్చుకుంది, బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్లో పనికి కుదిరింది. కులం సర్టిఫికెట్లు, పింఛన్లు, పరీక్షల దరఖాస్తులు, అన్నీ ఆమె వేళ్ళ మీదుగానే పోయేవి. ఆమెకు ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి మా గదిలో ఆమెది ఫస్టు ర్యాంకు. వైరస్ అదుపులో ఉంది, బరువు బాగుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమెను చూపించి, చూడండి, గోలీలు వేసుకుంటే ఇలా ఉంటారు అని గొప్పలు పోయేదాన్ని.

అంతగా చూపించిన పిల్లను చూడలేదు నేను.

ఒక గోలీల రోజు, లైను అయిపోయేదాకా ఆగి, చివరన వచ్చి కూర్చుంది.

"మేడం, నెల గాకున్నా మధ్యల మధ్యల కనబడ్తుంది" అంది గొంతు తగ్గించి.

"ఎన్ని దినాల సంది?"

"రెండు మూడు నెలలాయె."

"రక్తం తక్కువున్నది బిడ్డా నీకు. పొద్దంత కంప్యూటర్ ముందల కూసుంటవు, సక్కగ తింటవో తినవో. ఐరన్ గోలీలిస్త, ఏస్కో."

వేసుకుంది. తర్వాతి నెల వచ్చి తగ్గలేదంది. వేరే రకం ఐరన్ ఇచ్చాను. ఆ తర్వాతి నెల ఆమే అడిగింది. "ఆడోళ్ళ డాక్టరుకు సూపెట్టుకుంట మేడం, చిట్టీ రాస్తరా?" నేను నవ్వి, ఆమె చెయ్యి మీద తట్టి, "పెండ్లి గాని పిల్లవు, గా గదిలకు పోతే నలుగురు నాలుగు మాటలంటరు. కొన్ని దినాలు సూద్దాం" అన్నాను. ఆమె తలూపింది. ఆ నెలలోనే ఆ ఏటి గడి నింపాల్సి వచ్చింది. ఎర్ర పెన్ను తీసి గీత గీశాను. ఆమె కార్డులో అది ఆరోది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. హెచ్‌పీవీ అని ఇంకో వైరస్ ఉంది. అది శారీరక కలయిక వల్ల చాలామంది ఆడవాళ్ళ ఒంట్లోకి వస్తుంది, చాలామందిలో దానంతటదే పోతుంది. హెచ్‌ఐవీ ఉన్న ఒంట్లో అంత సులువుగా పోదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర తిష్ఠ వేసుకుంటుంది, ఏళ్ళ తరబడి మెల్లగా అక్కడి కండను పాడు చేస్తుంది, చివరికి క్యాన్సర్ అవుతుంది. పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు చిన్నప్పుడే శక్తి తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, వాళ్ళ విషయంలో ఇంకా ముందు నుంచీ కళ్ళు తెరుచుకుని ఉండాలి. మధ్యలో పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. ఇది పెద్ద రహస్యం కాదు. నాకు తెలియకపోవడమే పెద్ద విచిత్రం, అది కూడా నిజంగా తెలియక కాదని తర్వాత తేలింది.

ఆ ఏడే దవాఖానలో ఆడవాళ్ళ క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. షామియానా వేశారు, గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద లీడరు మొహం పెద్దగా, గర్భసంచి బొమ్మ చిన్నగా ఉంది. లీడరు వచ్చి రిబ్బను కత్తిరించి, నలుగురు ఆడవాళ్ళను పక్కన నిలబెట్టి ఫోటో దిగి వెళ్ళిపోయాడు. వచ్చిన ప్రతి ఆడమనిషి వివరాలూ కంప్యూటర్లో ఎక్కించాలన్నారు. మా దగ్గర ఎవరికీ రాదు. సూపరింటెండెంట్ సారు ఆన్‌లైన్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, వాళ్ళు ల్యాప్‌టాప్ ఇచ్చి ఎవరిని పంపారనుకుంటున్నారు? ఆ పిల్లనే.

షామియానా కింద బల్ల వేసుకుని పొద్దున్నుంచి కూర్చుంది. టేక్మాల్ నుంచి, పాపన్నపేట నుంచి ఆటోల్లో ఆడవాళ్ళు దిగుతున్నారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పేరు, వయసు, భర్త పేరు, ఊరు రాసుకుని, ఆ తర్వాత ఫారంలో ఉన్న ప్రశ్నలు చదివి అడిగేది. నేను అక్కడే మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి జనాన్ని లైన్లో పెడుతున్నాను. ఆమె గొంతు నాకు వినబడుతూనే ఉంది.

"నెల మధ్యల రక్తం కనబడ్తుందా అవ్వా?"

"లేదు బిడ్డ, నాకు నిలిచిపోయి ఏండ్లాయె."

"తెల్లబట్ట వాసన వస్తుందా? నడుము కింద నొప్పి ఉంటదా?"

"నొప్పి లేనిదెప్పుడు బిడ్డా. నాట్లేసి వస్తే అంత నొప్పే."

నవ్వులు. మళ్ళీ ఇంకొకరు, మళ్ళీ అవే ప్రశ్నలు. మధ్యాహ్నం దాకా అలా ఎంతమందిని అడిగిందో. ఏ ప్రశ్నకు ‘అవును’ అన్నా ఆ వరస ఎర్రగా మారి, ‘వెంటనే పరీక్ష’ అని కంప్యూటర్ చూపించేదట. ఇది ఆమె నాకు తర్వాత చెప్పింది. అక్కడ కూర్చుని ఆ పిల్ల చదివిన ప్రతి ప్రశ్నకూ తన లోపల ‘అవును’ అంటూనే ఉంది.

భోజనాల వేళ జనం పలచబడ్డాక ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మేడం, నా ఫారం తీస్కుంటలేదు."

తన పేరుతోనే నింపుకుంది. వయసు దగ్గర ఇరవై ఆరు అని పెట్టింది. ముప్పై నిండాలి అని ఎర్ర అక్షరాలు వస్తున్నాయి. భర్త పేరు గడి ఖాళీగా ఉంది, దాని పక్కన చుక్క గుర్తు ఉంది.

"చుక్క ఉన్న గడి ఖాళీ ఇడిస్తే ముందటికి పోదు మేడం" అంది, దరఖాస్తు పట్టుకొచ్చిన ముసలివాళ్ళకు చెప్పినట్టు ఓపిగ్గా.

"నీకెందుకే గిది? పెండ్లయినోళ్ళకు గదా."

"నాకు అన్నీ ఉన్నయి మేడం. గీ ప్రశ్నలన్నీ నాయే."

అప్పుడు నేనన్న మాట రాయడానికి ఇంతసేపూ వెనకాడుతున్నాను. ఆమె రెక్క పట్టుకుని డ్రమ్ము వెనక్కి లాగి, "నిజం జెప్పు. ఎవలతోనన్న తిరిగినవా?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. పదేళ్ళ వయసులో సూది వేయించుకోవడానికి చెయ్యి చాపి కూడా అలాగే చూసేది.

"గా ప్రశ్న ఫారంల లేదు మేడం" అంది.

మీలో కొందరికి ఇప్పటికే మనసులో అదే ప్రశ్న లేచి ఉంటుంది. ఆ హెచ్‌పీవీ ఆమెకు ఎలా వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని. ఇష్టపడిన మనిషి ఉన్నాడా, లేక చిన్నప్పుడు ఎవడైనా పాడు చేశాడా అని. నేను చెప్పను. అది మీకు అనవసరం, నాకూ అనవసరమే. రోడ్డు మీద కాలు విరిగి వచ్చినవాణ్ని ఎవరింటికి పోతున్నావని అడిగి కట్టు కడతామా? ఆ ప్రశ్న కోసమే మనం పరీక్ష ఆపుతున్నాం. ఆ ప్రశ్న అడగాల్సి వస్తుందని భయపడే నేను ఆరేళ్ళు గీతలు గీశాను. ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలనే ఇప్పుడు మీరు కాస్త ముందుకు వంగారు. వెనక్కి జరగండి.

ఆమె తృప్తి కోసం సూపరింటెండెంట్ సారు దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన అరటిపండు తింటున్నాడు. "ముప్పై దాటిన ఆడోళ్ళకే సిస్టర్. కంప్యూటరే తీస్కుంటలేదు, ఇగ నేనేం జెయ్యాలె?" అన్నాడు. బయటికి వచ్చేటప్పుడు నా గుండెలో బరువు దిగినట్టయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, హాయిగానే అనిపించింది. కాదన్నది నేను కాదు, కంప్యూటర్ కదా. ఆమెకు ఆ మాటే చెప్పాను. ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఆ రోజు పరీక్షలు చేస్తున్న లేడీ డాక్టరు మా దగ్గరికి కొత్తగా వచ్చింది. చిన్న వయసు, మాట కరకు. క్యాంపు ముగిసే వేళకు పరీక్ష గది తలుపు తెరిచి, "ఏఆర్‌టీ సిస్టర్ ఎవరు? జర లోపటికి రాండ్రి" అని పిలిచింది.

లోపల పరీక్ష బల్ల మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. దుప్పటి కప్పుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని. పక్కన క్యాంపు ఫారం ఉంది. పేరు ఆమెదే. వయసు ముప్పై ఒకటి. భర్త పేరు దగ్గర ఒక పేరు ఉంది. ఆ పేరు నాకు తెలుసు. పదహారేళ్ళ కిందట ఆమె కార్డు మీద నేనే రాశాను, తండ్రి పేరు అన్న చోట. పక్కన కుండలీకరణాల్లో ‘మరణించారు’ అని కూడా రాశాను.

డాక్టరు చేతులు కడుక్కుంటూ మాట్లాడింది. "మందు పూసి నిమిషమాగి చూస్తే పాడైన చోటు తెల్లగయితది. ఈమెకు మందు పూయక ముందే కనబడుతున్నది. ముట్టుకుంటే రక్తం. ముక్క తీసి హైదరాబాదు పంపుతున్న. ఏఆర్‌టీల ఉన్ననని ఆమెనే చెప్పింది. కార్డు తెండ్రి."

తెచ్చాను. వరండా పొడుగునా నడిచి పోయి, నడిచి వచ్చాను. డాక్టరు పేజీలు తిప్పి ఆ గడి దగ్గర ఆగింది. వేలితో ఒక్కొక్క గీత మీదా తట్టింది.

"గీతంటే ఏంది సిస్టర్?"

"పెండ్లి గాలేదని మేడం."

"పెండ్లి సంగతి ఎవలడిగిండ్రు? సున్న పెడితే చూసినం, ఏం లేదని అర్థం. గీత పెడితే?"

కార్డు నా వైపు తిప్పి పెట్టింది.

"చూడలేదని అర్థం. ఆరేండ్లు మీ ముందట్నే ఉన్నది. మీరు చూడలేదు."

అప్పుడు బల్ల మీది నుంచి ఆ పిల్ల అంది, "మేడంను ఏమనకుండ్రి డాక్టరమ్మా. నా మంచికే గీసింది." నన్ను నలుగురిలో నిలబెట్టి శాపనార్థాలు పెట్టిన ఆ తల్లి మాటలు కూడా నన్ను అంత కొట్టలేదు.

సాయంత్రం నా గదికి వచ్చి పాత ఫైళ్ళు దింపాను. ఎందుకో అనుమానం. మూడో ఫైల్లో దొరికింది. ఇంగ్లీషులో రెండు పేజీల సర్క్యులర్. పాజిటివ్ ఆడవాళ్ళ విషయంలో ముప్పై నిండేదాకా ఆగవద్దు, పెళ్ళితో సంబంధం లేదు, లక్షణాలుంటే ఏ వయసైనా వెంటనే పరీక్ష చేయించాలి అని అందులో ఉంది. కింద అడుగున ‘చూసితిని’ అని రాసి సంతకం ఉంది. సంతకం నాది. సూపరింటెండెంట్‌దీ ఉంది. ఇద్దరం చూసితిమి. ఫైల్లో ఎక్కడ పెట్టాలో కూడా సరిగ్గా చూసి పెట్టితిమి.

మీకూ ఇలాంటివి వారానికి నాలుగు వస్తాయని తెలుసు. లైను వరండా దాటి ఉంటుంది, ఫార్మసిస్టు సెలవులో ఉంటాడు, ఎవడో కళ్ళు తిరిగి పడిపోతాడు. అవన్నీ నాకూ ఉన్నాయి. అయినా చెబుతున్నాను, ఆ రెండు పేజీలు చదవడానికి ఒక టీ తాగేంత సమయం చాలు. నేను రోజుకు నాలుగు టీలు తాగేదాన్ని.

రిపోర్టు వచ్చేదాకా ఆ పిల్ల రోజూ పనికి పోయింది. రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. మొదటి దశలోనే ఉంది, ఇంకా పాకలేదు, తొందరగా హైదరాబాదు పోతే బతుకుతుంది అని డాక్టరు చెప్పింది. పంపడానికి సూపరింటెండెంట్ సంతకంతో లెటర్ కావాలి. నేనూ డాక్టరూ వెళ్ళి కాగితాలన్నీ ఆయన బల్ల మీద పెట్టాం. ఆయన ఒకసారి క్యాంపు ఫారం చూశాడు, ఒకసారి ఆధార్ చూశాడు.

"వయసు తప్పు, పెండ్లి తప్పు. గీ పిల్లనే గదా డాటా ఎక్కించింది? గవర్నమెంటు రికార్డుల తప్పుడు సమాచారం పెట్టింది. రేపు ఆడిట్ల అడిగితే నేనేం జెప్పాలె? ఎంక్వైరీ ఏస్త. లెటర్ అప్పటిదాక ఆపుండ్రి. సెంటర్ ఓనర్‌కు గూడ చెప్పాలె, ఇసుంటోళ్ళను పనిల ఎట్ల పెట్టుకున్నడో."

ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి ఉంది. మేనత్త వచ్చింది ఆ రోజు. సారు మాటలకంటే గట్టిగా మేనత్త గొణుగుతోంది, ఎవడు వాడు, ఎవడో చెప్పు అని. పదిహేను రోజులుగా అదే పాటట. క్యాన్సర్ అన్న మాట ఆమె చెవిన పడిందో లేదో కూడా నాకు తెలియదు. డాక్టరు ఆపరేషన్ తొందర గురించి మాట్లాడుతోంది, సారు ఆడిట్ గురించి మాట్లాడుతున్నాడు, అత్త మగాడి గురించి మాట్లాడుతోంది. ఆ పిల్ల ఒంట్లో ఏముందో ఆ పిల్లకు, డాక్టరుకు తప్ప ఎవరికీ పట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళకు పైబడిన సర్వీసులో సారు ముందు కుర్చీలో కూర్చోమంటే తప్ప కూర్చునేదాన్ని కాదు. ఆ రోజు చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గా ఫారం నేనే నింపించిన సార్" అన్నాను.

"ఏందీ?"

"వయసు నేనే చెప్పిన. భర్త పేరు నేనే చెప్పిన. కంప్యూటర్ తీస్కుంటలేదంటే గట్ల పెట్టమని నేనే అన్న. ఆమెకు తెల్వదు."

"సిస్టర్, రిటైర్మెంటు ముందల గిదేం పని? మీకు మెమో ఇయ్యాల్సొస్తది."

"ఇయ్యుండ్రి. మెమో నాకియ్యుండ్రి, లెటర్ ఆమెకియ్యుండ్రి. లేదంటే మీరు సంతకం పెట్టిన సర్క్యులర్ గూడ నా దగ్గరున్నది, ఆడిట్ల అదీ సూపెడుదాం."

చాలాసేపు పెన్ను తిప్పాడు. తర్వాత సంతకం పెట్టాడు. మెమో కూడా అదే పెన్నుతో ఆ వారమే వచ్చింది. నా సర్వీసులో వచ్చిన ఒకే ఒక్క మెమో. తప్పుడు సమాచారం నమోదు చేయించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను అని. సరైన సమాచారం ఆరేళ్ళు నమోదు చేయనందుకు మాత్రం ఎవరూ సంజాయిషీ అడగలేదు.

బయట వరండాలో ఆమెను అడిగాను, భర్త పేరు దగ్గర నాయిన పేరు ఎందుకు పెట్టావని. "బతికున్నోళ్ళ పేరు పెడితే ఆల్లకు బద్నాం గదా మేడం. నాకు తెలిసిన మొగోళ్ళ పేర్లల్ల ఎవలకు నష్టం లేని పేరు అదొక్కటే" అంది. వాళ్ళ నాన్న తల్లి ద్వారా ఆమెకు ఏమిచ్చాడో మా గదిలో అందరికీ తెలుసు. ఆ ఒక్కసారి ఆయన పేరు ఆమెకు పనికొచ్చింది.

హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. గర్భసంచి తీసేశారు. తొలి గీత గీసిన ఏడాదే చూసి ఉంటే చిన్న చికిత్సతో పోయేదేమో అని నేను అడిగితే, లేడీ డాక్టరు నా వైపు చూసి, "అది అడిగి ఏం జేస్తరు సిస్టర్?" అంది. తర్వాత మేమిద్దరం కూర్చుని ఎర్ర గీతలున్న కార్డులన్నీ బయటికి తీశాం. ఒక్కొక్క పిల్లనూ గోలీల రోజునే, మా గదిలోనే తెర కట్టి పిలిచాం. ఆడవాళ్ళ గదికి పంపితే నలుగురు చూస్తారన్న భయానికి మందు అదొక్కటే, డాక్టరునే మా గదికి తెచ్చుకోవడం. అంత చిన్న ఉపాయం నాకు అన్నేళ్ళు తోచలేదు. ఇంకొందరిలో మచ్చలు కనబడ్డాయి. వాళ్ళకు ఆపరేషన్ దాకా పోలేదు. వాళ్ళు బాగున్నారని నాకు సంతోషమే గానీ, ఆ సంతోషం ఎవరి ఖర్చుతో వచ్చిందో నాకు తెలుసు.

నేను రిటైరయ్యాను. ఏడాదికోసారి నేను బతికే ఉన్నానని పింఛన్ కోసం యంత్రానికి వేలు చూపించి రుజువు చేసుకోవాలి. మొన్న అందుకోసం బస్టాండు దగ్గరి సెంటర్‌కు వెళ్ళాను. ఆమే ఉంది. కొంచెం చిక్కింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఇప్పుడు అత్త దగ్గర ఉండటం లేదు, మెదక్‌లోనే ఒక గది కిరాయికి తీసుకుంది. గోలీలు ఇంకా తప్పడం లేదు.

నా వేలు ఎన్నిసార్లు పెట్టినా యంత్రం పట్టలేదు. ఆమె నా చేతిని తన చున్నీతో తుడిచి మళ్ళీ పెట్టించింది. "తీస్కున్నది మేడం. బతికే ఉన్నరు" అంది. ఇద్దరం నవ్వాం.

జనం లేరు. కూర్చోమంది, టీ తెప్పించింది. తాను ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకుంటున్నానని చెప్పి, ఆ పని ముందేసుకుంది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. పేరు పెట్టింది. వయసు నిజమైనదే పెట్టింది. తండ్రి లేదా భర్త అన్న చోట తండ్రిని ఎంచుకుని ఆ పేరు కొట్టింది, ఈసారి దాని సొంత గడిలో. కిందికి జరిపితే, సంతానం ఎంతమంది అని ఉంది. పక్కన చుక్క గుర్తు. ఆమె చేతులు కీబోర్డు మీద ఆగాయి.

ఆ ఆగడం నేను భరించలేకపోయాను. ఏదో ఒకటి అనాలి, ఆమెను అక్కడి నుంచి దాటించాలి అనిపించింది. నోట్లోంచి వచ్చేసింది.

"గీత పెట్టు బిడ్డా."

ఆమె నా వైపు తిరగలేదు. కోపంగా కూడా అనలేదు, దరఖాస్తు పట్టుకొచ్చిన ఏ ముసలామెకైనా చెప్పినట్టే చెప్పింది.

"గీత పెడితే తీస్కోదు మేడం. సున్న పెట్టాలె."

సున్నా కొట్టింది. తీసుకుంది.